బాస్వెల్ (ఇంటిపేరు)

బాస్వెల్ అనునది బ్రిటను, అమెరికా దేశాలలో కనిపించే ఒక ఇంటిపేరు. ఇంగ్లీషు పేరుగా, మరింత కచ్చితంగా స్కాట్లాండు పేరుగా ఇది ప్రసిద్ధి పొందినా, దీని మూలం ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమైన నార్మండీలోని ఒక ఊరి పేరు. తెలుగువారికి ఈ పేరు మూడు దారులలో పరిచయం. ఇంగ్లీషు సాహిత్య విద్యార్థులకు శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్ర రాసిన జేమ్స్ బాస్వెల్ తెలుసు. నెల్లూరు జిల్లా చరిత్రను చదివేవారికి 1873లో నెల్లూరు జిల్లా మాన్యువల్ వెలువరించిన జాన్ ఎ. సి. బాస్వెల్ తెలుసు. శేషాచలం, నల్లమల అడవుల చెట్లను గురించి తెలిసినవారికి సాంబ్రాణి జాతి చెట్ల శాస్త్రీయ నామమైన బాస్వెల్లియా తెలుసు. ఈ మూడూ ఒకే ఊరి పేరు నుండి వచ్చినవి.

తెలుగులో ఈ పేరును బాస్వెల్, బోస్వెల్, బాస్వెల్లు అని పలు విధాలుగా రాస్తారు. ఇంగ్లీషు ఉచ్చారణలో నడిమి అక్షరం 'జ'కారానికి దగ్గరగా, బాజ్‌వెల్ అన్నట్లు వినిపిస్తుంది.

పుట్టుక

నార్మండీలో బ్యూజ్‌విల్ అనే పేరు గల ఊళ్ళు ఒకటి కాదు, పలు ఉన్నాయి. వాటిలో సేన్ నది ముఖద్వారానికి ఉత్తరాన, బోల్బెక్ పట్టణానికి దగ్గరలో ఉన్న బ్యూజ్‌విల్ ఈ ఇంటిపేరుకు మూలమని నామశాస్త్రజ్ఞులు సాధారణంగా చెబుతారు. మధ్యయుగపు పత్రాలలో ఈ పేరు బోజ్‌విల్, బోస్‌విల్ అనే రూపాలలో కనిపిస్తుంది.

911లో ఫ్రాంకుల రాజు సేన్ నది దిగువ ప్రాంతాన్ని రోలో అనే వైకింగు నాయకుడికి అప్పగించాడు. ఉత్తరం నుండి వచ్చిన ఈ ప్రజలు (నార్మన్లు) రెండు మూడు తరాలలోనే తమ భాషను విడిచి ఫ్రెంచి మాట్లాడసాగారు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లాండును జయించినప్పుడు అతని వెంట వెళ్ళినవారు, ఆ తరువాత భూముల కోసం వెళ్ళినవారు తమ స్వగ్రామాల పేర్లను తమ పేర్లకు చేర్చుకున్నారు. ఫ్రెంచిలో 'ద' అనే విభక్తి ప్రత్యయం వంటి మాటకు 'నుండి' అని అర్థం. 'రాబర్ట్ ద బోస్‌విల్' అంటే బోస్‌విల్ ఊరి రాబర్టు. మొదట ఇది ఒక మనిషి ఎక్కడివాడో చెప్పే ఆనవాలు మాత్రమే. కొడుకు ఇంగ్లాండులోనే పుట్టి ఆ ఊరిని ఎన్నడూ చూడకపోయినా అదే ఆనవాలు నిలిచి ఇంటిపేరు అయినది. కాలక్రమంలో 'ద' రాలిపోయినది.

అర్థము

పేరులోని రెండవ భాగం 'విల్'. లాటిను భాషలో విల్లా అంటే పొలాలతో కూడిన కమతం. ఫ్రెంచిలో అది మొదట పల్లె అనీ, తరువాత పట్టణం అనీ అర్థం మార్చుకున్నది. మొదటి భాగం బోసో అనే జర్మానిక్ వ్యక్తినామం. 879లో ప్రొవాన్సు రాజుగా పట్టాభిషేకం చేసుకున్న వ్యక్తి పేరు కూడా బోసోయే. అందుచేత బాస్వెల్ అంటే 'బోసో గారి పల్లె' అని అర్థం. నెల్లూరు పరిసరాలలో బుచ్చిరెడ్డిపాళెం ఎటువంటి పేరో ఇదీ అటువంటిదే.

'బోస్' అంటే అడవి కనుక ఇది 'అడవి ఊరు' అనే వ్యుత్పత్తి కూడా జనంలో ఉన్నది. ఫ్రెంచిలో అడవిని బువా అనీ, నార్మన్ మాండలికంలో బాస్క్ అనీ అంటారు కాబట్టి పైకి ఇది సబబుగానే తోస్తుంది. అయితే పాత పత్రాలలోని రూపాలలో 'క'కారం కనిపించదు, వ్యక్తినామమే సరిపోతుంది. ఊరి పేర్ల విషయంలో ఇటువంటి రెండు వాదాలు మనకూ కొత్త కాదు. నెల్లూరు అనే పేరు నెల్లు (వరి) నుండి వచ్చినదని కొందరు, నెల్లి (ఉసిరి) చెట్టు నుండి వచ్చినదని స్థలపురాణం చెప్పేవారు కొందరు. ఉసిరి చెట్టు కింద వెలసిన లింగం కథ మూలస్థానేశ్వరాలయంతో ముడిపడి ఉండగా, వరిచేల వాదానికి పెన్నా డెల్టాయే సాక్ష్యంగా నిలుస్తున్నది.

ఇక 'విల్' అనేది 'వెల్'గా మారడం తెలియక జరిగిన మార్పు. ఇంగ్లీషులో వెల్ అంటే బావి లేక ఊట. బ్రిటనులో ఆ మాటతో ముగిసే ఊరి పేర్లు వందలు. ఫ్రెంచి మాట అర్థం కాని నాలుక దాన్ని తనకు తెలిసిన మాటగా దిద్దుకున్నది. తెలుగు నేల మీద ఇటువంటి మార్పుకు అందరికీ తెలిసిన ఉదాహరణ హైదరాబాదులోని మూసారాంబాగ్. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ రేమాఁ (1755–1798) పేరు, 'మొస్యూ' అనే గౌరవపదంతో కలిసి, హిందువుల నోట మూసా రాముడుగానూ, ముస్లిముల నోట మూసా రహీముగానూ మారినది. బోసో పల్లె బావిగా మారడానికీ, రేమాఁ రాముడు కావడానికీ సూత్రం ఒకటే.

ఈ ఇంటిపేరుకు బోస్‌విల్, బాస్వాల్ అనే రూపాంతరాలు కలవు. యార్క్‌షైరులోని ఒక భూస్వామి కుటుంబం బోస్‌విల్ అనే పాత రూపాన్నే నిలుపుకున్నది. నెవిల్, మెల్విల్, సోమర్‌విల్, గ్రెన్విల్ మొదలైన ఇంటిపేర్లు కూడా ఇదే విధంగా నార్మండీ ఊళ్ళ నుండి వచ్చినవే. వాటిలో 'విల్' చెక్కుచెదరలేదు.

స్కాట్లాండు శాఖ

12వ శతాబ్దంలో స్కాట్లాండు రాజులు నార్మన్ కుటుంబాలను పిలిచి భూములిచ్చారు. ఆ శతాబ్దపు దానపత్రాలలో సాక్షులుగా ఈ ఇంటిపేరు గలవారు కనిపిస్తారు. తరువాత ఫైఫ్ ప్రాంతంలోని బాల్ముటో వీరికి ముఖ్యస్థానమైనది. 1504లో రాజు నాల్గవ జేమ్సు ఎయిర్‌షైరులోని ఆకిన్‌లెక్ ఎస్టేటును థామస్ బాస్వెల్‌కు ఇచ్చాడు. ఈ థామస్ 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో తన రాజుతో పాటే మరణించాడు.

ఆకిన్‌లెక్ వంశంలో పుట్టినవాడే జేమ్స్ బాస్వెల్ (1740–1795). 1791లో వెలువడిన ఆయన రచన శామ్యూల్ జాన్సన్ జీవితం ఇంగ్లీషులో జీవితచరిత్ర అనే ప్రక్రియకే కొలమానంగా నిలిచినది. జాన్సన్ మాట్లాడిన మాటలను అదే రోజు ఇంటికి వెళ్ళి రాసిపెట్టుకోవడం ఈయన పద్ధతి. బెంగాలు గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సుకు జాన్సన్ రాసిన ఉత్తరాలు కూడా ఆ గ్రంథంలో ఉన్నాయి. దీని తరువాత బాస్వెల్ అనే మాట ఇంగ్లీషులో సామాన్య నామమైపోయినది: ఒక గొప్ప వ్యక్తి వెంట ఉండి అతని మాటలను, చేతలను నమోదు చేసేవాడు అని అర్థం. 1891 నాటి ఒక కథలో షెర్లాక్ హోమ్సు తన మిత్రుడు వాట్సనును ఇదే మాటతో పిలుస్తాడు. ఒక ఊరి పేరు ఇంటిపేరై, ఇంటిపేరు మళ్ళీ నిఘంటువులోని మాట కావడం అరుదైన విషయం.

జేమ్స్ కుమారుడు సర్ అలెగ్జాండర్ బాస్వెల్ పాటల రచయిత. 1822లో ద్వంద్వయుద్ధంలో మరణించాడు. జేమ్సు రాసుకున్న దినచర్యలు, ఉత్తరాలు చాలాకాలం అజ్ఞాతంగా ఉండి 1920లలో ఐర్లండులోని మాలహైడ్ కోటలో బయటపడ్డాయి. వాటిలోని లండన్ దినచర్య 1950లో అచ్చయినది.

రొమానీ బాస్వెల్‌లు

ఇంగ్లాండులో ఈ ఇంటిపేరు గల మరొక సమూహం ఉన్నది. వీరు భూస్వాములు కారు. గుర్రాల బళ్ళ మీద ఊరూరా తిరిగిన రొమానీలు, అంటే జిప్సీలు. రొమానీ పెద్ద కుటుంబాలలో బాస్వెల్ ఒకటి. బ్రిటనుకు చేరిన తరువాత రొమానీలు అక్కడి పెద్ద కుటుంబాల ఇంటిపేర్లను స్వీకరించారు. సిల్వెస్టర్ గార్డన్ బాస్వెల్ అనే రొమానీ చెప్పుకున్న ఆత్మకథ 1970లో ప్రచురితమైనది.

రొమానీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ క్రితం భారతదేశం నుండి పడమరకు తరలిపోయినవారు. వారి భాష హిందీ, పంజాబీల కుటుంబానికి చెందినది. నీటిని నేటికీ పానీ అనే అంటారు. కనుక భారతదేశంతో ఈ ఇంటిపేరుకు గల సంబంధం కలెక్టరు కచేరీతో మొదలైనది కాదు. ఇండియాను ఏలడానికి వచ్చిన బాస్వెల్‌లు ఒకవైపు ఉండగా, ఇండియాను విడిచివెళ్ళిన వారి సంతతిలో బాస్వెల్‌లు మరొకవైపు ఉన్నారు.

నెల్లూరు తీరంలో

నెల్లూరు తీరం ఎన్నడూ ఫ్రెంచి పాలనలో లేదు. 1750లలో ఫ్రెంచివారు మచిలీపట్నం, నిజాంపట్నం వరకు చేజిక్కించుకున్నా, నెల్లూరు ఆర్కాటు నవాబు కుటుంబీకుల అధీనంలోనే ఉండిపోయినది. 1801లో కర్ణాటక రాజ్యంతో పాటు ఈ జిల్లా ఇంగ్లీషు కంపెనీ పరమైనది. కాబట్టి ఇక్కడ వినిపించిన ఫ్రెంచి మూలపు పేర్లు ఫ్రెంచివారి ద్వారా రాలేదు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఇంగ్లీషు ఛానలు దాటిన పేర్లు ఇంగ్లీషువారి వెంట ఓడ దిగాయి.

వాటిలో ముఖ్యమైనది జాన్ ఎ. సి. బాస్వెల్ పేరు. ఈయన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. కృష్ణా జిల్లాలో పనిచేసిన కాలంలో అక్కడి ప్రాచీన అవశేషాలను గురించి ఈయన రాసిన వ్యాసం 1872లో ఇండియన్ యాంటిక్వెరీ పత్రిక మొదటి సంపుటంలో ప్రచురితమైనది. ఆ మరుసటి సంవత్సరమే మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుండి నెల్లూరు జిల్లా మాన్యువల్ వెలువడినది.

జిల్లాకొక మాన్యువల్ రాయించడం అప్పటి మద్రాసు ప్రభుత్వపు పథకం. నెల్సన్ రాసిన మధుర (1868), కార్మైకేల్ రాసిన విశాఖపట్నం (1869), కెల్సాల్ రాసిన బళ్ళారి (1872) దీనికి ముందువి. గ్రిబుల్ రాసిన కడప (1875), మోరిస్ రాసిన గోదావరి (1878), మెకంజీ రాసిన కృష్ణా (1883) తరువాతివి. 1886 నాటి కర్నూలు మాన్యువల్ ఒక్కటి తెలుగువాడైన నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసినది. తొలి తెలుగు నవలగా కొందరు పరిగణించే శ్రీరంగరాజ చరిత్ర (1872) రచయిత ఈయనే.

ఆనాటి నెల్లూరు జిల్లా నేటి జిల్లా కంటె చాలా పెద్దది. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలన్నీ అందులోనివే. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాకు మారినది. 1970లో ఒంగోలు కేంద్రంగా ప్రకాశం జిల్లా ఏర్పడినది. పాత నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళినది. ఈ విభజనలను గుర్తుంచుకోకుండా మాన్యువల్‌ను చదివితే ఏ ఊరి సంగతి ఎక్కడిదో తికమక కలుగుతుంది. ఉదాహరణకు ఆనాడు 'నెల్లూరు పశువులు' అన్నవి మనం నేడు ఒంగోలు జాతి అంటున్నవే. ఆ పశువులు 19వ శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిలు చేరాయి. అక్కడ వాటి జాతి పేరు నేటికీ నెలోరె. నార్మండీ ఊరి పేరు నెల్లూరికి ఒక పుస్తకం అట్ట మీద వచ్చినదనుకుంటే, నెల్లూరు పేరు అంతకంటె దూరం ఎద్దుల వీపు మీద వెళ్ళినది.

బాస్వెల్ ఈ పుస్తకానికి రచయిత అనడం కంటె సంకలనకర్త అనడం సరియైనది. జిల్లా చరిత్ర, భూములు, ఉప్పు, నేత, కులాలు మొదలైన అనేక విషయాలు ఇందులో ఉన్నాయి. ఇంతటి సమాచారం కరణాలు, తాలూకా ఉద్యోగులు, దుబాసీలు, ఊరి పెద్దలు చెప్పకుండా ఒక దొరకు చేరే అవకాశం లేదు. వారి పేర్లు మాత్రం అట్ట మీద లేవు. తరువాతి తరంలో ఈ పద్ధతి కొంత మారినది. 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా ప్రకటించినప్పుడు అలన్ బటర్‌వర్తు పేరు పక్కనే వి. వేణుగోపాల చెట్టి పేరు కూడా అచ్చయినది.

పేర్లు లేకుండా పోవడం తీరప్రాంతపు యానాదుల విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీహరికోట అడవులలో తేనె, దుంపలు, చిరివేరు, కట్టెలు సేకరించి బ్రతికిన యానాదులు మాన్యువల్ వంటి సర్కారు గ్రంథాలలో ఒక 'తెగ'గా వర్ణింపబడ్డారు. శ్రీహరికోట 1835లో ప్రభుత్వం నేరుగా చేపట్టిన దీవి కాబట్టి అక్కడివారిని గురించి రాయడం అధికారుల విధుల్లో భాగం. కాని ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో యానాదుల ఇంటిపేర్ల పట్టికే ఉన్నది: చిలకల, మేకల, పాముల, బండి, టెంకాయల, మర్రిగుంట మొదలైనవి. అంటే బోసో గారి పల్లె పేరు మోసుకొచ్చిన అధికారికి ఎంత పాత ఇంటిపేరు ఉన్నదో, అతడు ఎవరిని గురించి రాయించాడో వారికీ అటువంటి ఇంటిపేర్లే ఉన్నాయి. 'తెగ' అన్న ఒక్క మాట కింద అవి కనపడకుండా పోయాయి. తెగల పేర్లు సర్కారు పట్టికలకెక్కడం కేవలం పుస్తకాల సంగతి కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించిన తరువాత, అదే నెల్లూరు జిల్లాలోని కావలిలో ఎరుకల కుటుంబాలను నిఘాలో ఉంచే సెటిల్మెంటు నడిచినది. ఆ చట్టం 1952లో రద్దయినది.

ఇంతైనా నెల్లూరు చరిత్రకారులు ఈ మాన్యువల్‌ను వదులుకోలేరు. ఒంగోలు నుండి పులికాటు దాకా ఒకే జిల్లాగా ఉన్న కాలపు విషయాలను ఒకచోట చేర్చిన గ్రంథం ఇది.

తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువ పేరులో కూడా ఒక ఫ్రెంచి జాడ దాగి ఉన్నది. బకింగ్‌హాం అనేది ఇంగ్లీషు ఊరి పేరే. కాని 1877–78 కరువు పనులలో కాలువను విస్తరింపజేసిన మద్రాసు గవర్నరు, బకింగ్‌హాం ప్రభువు, అసలు ఇంటిపేరు టెంపుల్-నుజెంట్-బ్రిడ్జెస్-షాండోస్-గ్రెన్విల్. ఐదు పేర్ల ఈ గొలుసులో గ్రెన్విల్, నుజెంట్ రెండూ ఫ్రాన్సు ఊళ్ళ నుండి వచ్చినవి. పెదగంజాం నుండి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల కాలువకు ఆ గొలుసు కాక, బిరుదు మాత్రమే అంటుకోవడం పడవవాళ్ళ అదృష్టం.

తెలుగు ఇంటిపేర్లతో పోలిక

ఊరి పేరు ఇంటిపేరు కావడం తెలుగువారిలో అతి సాధారణం. నెల్లూరు జిల్లా నుండే ఉదాహరణలు చూపవచ్చు. కవికోకిల దువ్వూరి రామిరెడ్డి (1895–1947) ఇంటిపేరు పెన్నా ఒడ్డున ఉన్న దువ్వూరు. రేబాల వారి ఇంటిపేరు బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి రేబాల గ్రామం. బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి (1907–1997) ఇంటిపేరులో కృష్ణానది ఒడ్డున ఉన్న బెజవాడ పేరు ఉన్నది. నార్మండీ ఊరి పేరుతో స్కాట్లాండులో పుట్టిన బాస్వెల్ వలెనే, బెజవాడ పేరుతో నెల్లూరులో పుట్టడం ఇది. ఊరి పేరు ఇంటిపేరుగా మారేది ఊళ్ళో ఉన్నవాడికి కాదు, ఊరు విడిచినవాడికి. సొంత ఊళ్ళో అందరూ ఆ ఊరివారే కాబట్టి ఆ పేరు గుర్తుగా పనికిరాదు.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళవి కావు. 13వ శతాబ్దంలో నెల్లూరులో మహాభారతాన్ని తెనిగించిన తిక్కన ఇంటిపేరు కొట్టరువు. అది కొఠారు, అంటే ధాన్యాగారపు ఉద్యోగాన్ని సూచిస్తుంది.

రెండు సంప్రదాయాలకు మధ్య తేడాలు కూడా కలవు. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషులో చివర. తెలుగులో ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం గలవారు సాధారణంగా పెళ్ళిసంబంధాలు కలుపుకోరు కనుక ఇంటిపేరుకు ఆచారపరమైన పని ఒకటి ఉన్నది. ఇంగ్లీషు ఇంటిపేరుకు అటువంటి పని లేదు. ఒకే ఇంటిపేరు ఉన్నంతమాత్రాన ఒకే వంశమని తలచరాదు. తెలుగులోనూ ఒకే ఊరి పేరు వేర్వేరు కులాలవారికి ఇంటిపేరుగా ఉంటుంది. ఆకిన్‌లెక్ భూస్వామి, సంచార రొమానీ ఇద్దరూ బాస్వెల్‌లే కావడం ఇటువంటిదే.

ఫ్రెంచి పేరు నేరుగా తెలుగువారి ఇంటిపేరు అయ్యే అవకాశం ఒక్క యానాంలోనే కలిగినది. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి శాసనం ప్రకారం పుదుచ్చేరి, కారైక్కాల్, యానాం మొదలైన స్థావరాల భారతీయులు తమ మతాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతి కిందికి రావచ్చును. అలా వచ్చినవారు ఒక స్థిరమైన ఇంటిపేరును ఎన్నుకొని నమోదు చేసుకోవలసి ఉండేది. వీరిని రెనాంసాఁలు, అంటే వదులుకున్నవారు, అని పిలిచారు. వీరిలో ఎక్కువమంది పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళులు. కొందరు ఫ్రెంచి పేర్లనే ఎన్నుకోగా, కొందరు తమ సొంత పేర్లను ఫ్రెంచి వర్ణక్రమంలో రాయించుకున్నారు. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి విముక్తి పొందినది.

వృక్షశాస్త్రంలో

సాంబ్రాణి వంటి సుగంధపు బంక నిచ్చే చెట్ల ప్రజాతికి బాస్వెల్లియా అని పేరు. ఈ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గు (1751–1815). కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళడానికి ముందు ఈయన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించినవాడు. జేమ్స్ బాస్వెల్ పినతండ్రి, ఎడింబరో వైద్యుడు అయిన జాన్ బాస్వెల్ (1710–1780) గౌరవార్థం ఈ పేరు ఏర్పడినది. 1807లో అచ్చులోకి వచ్చినది.

భారతదేశంలో విస్తారంగా పెరిగే బాస్వెల్లియా సెర్రేటాను తెలుగులో అందుగు అంటారు. దాని బంకకు పరంగి సాంబ్రాణి అనే పేరు కలదు. పరంగి అనే మాట ఫ్రాంకు అనే జాతినామం నుండి పారశీకం మీదుగా వచ్చినది. ఫ్రాన్సు అనే దేశనామానికీ, మన ఫిరంగికీ మూలం ఆ ఫ్రాంకులే. ఈ విధంగా ఒకే చెట్టుకు లాటినులో నార్మండీ ఊరూ, తెలుగులో ఫ్రాంకుల జాతీ పేరులో కుదిరాయి. సొంత పేరు అందుగు మాత్రం అడవికి వెళ్ళేవారి నోటనే ఎక్కువగా వినిపిస్తుంది.

ఈ ప్రజాతిలో బాస్వెల్లియా ఒవాలిఫోలియోలేటా అనే జాతి ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమలకే పరిమితమైనది. తిరుమల, శేషాచలం కొండలలో పెరిగే దీన్ని కొండ సాంబ్రాణి అంటారు. 1961లో బాలకృష్ణన్, హెన్రీ అనే వృక్షశాస్త్రవేత్తలు దీనిని కొత్త జాతిగా వర్ణించారు. బంక కోసం మానుకు లోతుగా గాట్లు పెట్టడం వలన చెట్లు చనిపోతున్నందున ఇది ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేరినది.

వ్యాప్తి

నేడు బాస్వెల్ ఇంటిపేరు గలవారు అత్యధికంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నారు. ఆ తరువాత ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, కెనడా, స్కాట్లాండులలో కనిపిస్తారు. పేరు పెరిగిన స్కాట్లాండులో కంటె వలసదేశాలలోనే ఇది ఎక్కువ కావడం గమనించదగినది. 1930లలో అమెరికా రేడియోలో పేరుపొందిన బాస్వెల్ సిస్టర్స్ గాయనీత్రయం న్యూ ఆర్లియన్సులో పెరిగినది. చరిత్రకారుడు జాన్ బాస్వెల్ (1947–1994) యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. భూగర్భశాస్త్రజ్ఞుడు పెర్సీ బాస్వెల్ (1886–1960) ఇంగ్లాండువాడు.

ఫ్రాన్సులో బాస్వెల్ అనే రూపం స్థానికమైనది కాదు. అక్కడ ఊరు బ్యూజ్‌విల్‌గానే ఉన్నది.